బెత్తెడు ఎడం



నవంబరు నెల సగానికి వచ్చింది. ఇప్పుడు కోతల పని ఉంది కనుక అందరి చేతుల్లో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. క్రిస్మస్ వెళ్లాక సంగతి మీకు తెలుసు. కూలి ఉండదు, కొట్లో బాకీ మిగులుతుంది. జనవరిలో మేము గృహ దర్శనాలకు వచ్చినప్పుడు చాలా ఇళ్లలో పిల్లల కంచాల్లో అన్నమూ పచ్చడే చూస్తాము. అదే ఇంటి వెనుక బోరింగు దగ్గర ఒక మంచం పట్టేంత జాగా ఖాళీగా ఉంటుంది.

ఆ జాగాలో ఇప్పుడు ముల్లంగి వేయండి. పూసా చేట్కి రకం మన వేడికి తట్టుకుంటుంది, 40 నుంచి 45 రోజుల్లో తయారవుతుంది. అంటే సరిగ్గా పని లేని రోజులకు కూర చేతికి వస్తుంది.

ముందు నేలను జానెడు లోతు తవ్వి రాళ్లు, పెంకులు ఏరండి. అడ్డం తగిలితే దుంప రెండుగా చీలిపోతుంది. పచ్చి పేడ వేసినా అంతే, బాగా మాగిన ఎరువే వేయాలి. మూరెడు ఎడంతో చిన్న బోదెలు తీసి, వాటి మీద వేలి గోరంత లోతులో గింజలు పెట్టండి. నారు పోసి నాటే పైరు కాదిది, ఎక్కడ మొలిస్తే అక్కడే ఊరాలి. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు అటే పోయండి. నాలుగు రోజులు ఎండగట్టి ఒకేసారి తడిపితే దుంప పగులుతుంది. పేనుబంక కనబడితే లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి చల్లండి.

అందరూ తడబడేది ఒక్కచోటే. మొలకలు వచ్చిన రెండు వారాలకు వాటిని పలచన చేయాలి. మొక్కకూ మొక్కకూ బెత్తెడు ఎడం ఉంచి మిగతావి పీకేయాలి.

మన సంఘంలోని ఒక పెద్దామె దీనికి ఒప్పుకోలేదు. "ప్రాణంతో పెరిగేదాన్ని పీకమంటారేంటి అయ్యగారూ, నాకు చేతులు రావు" అంది. మీ అమ్మగారు ఆమె పక్కన కూర్చుని ఒక వరుస మాత్రం పలచన చేసి, పీకిన లేత ఆకుతో ఆ పూటే పప్పు వండించింది. రెండో వరుస ఆమె ఇష్టప్రకారం ఒత్తుగానే ఉండిపోయింది. 45వ రోజున మేము వెళ్లేసరికి మొదటి వరుసలో దుంపలు మణికట్టంత లావున ఉన్నాయి. రెండో వరుసలో ఎలుక తోకలు. ఆమె వాటిని ఒడిలో వేసుకుని, "అన్నిటినీ కాపాడాననుకున్నాను అయ్యగారూ, ఒక్కటీ ఊరలేదు" అంది.

ఆ మాట మాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. బిడ్డను చదువుకు హాస్టలుకు పంపలేక ఏడ్చే తల్లులను, కొడుకూ కోడలూ వేరు వంట పెట్టుకుంటామంటే పొయ్యి దగ్గర మాట మానేసిన అత్తలను మేము చూశాము. వాళ్లందరిదీ ప్రేమే, కాదనలేము. కానీ ప్రేమకు కూడా బెత్తెడు ఎడం కావాలి. దగ్గరగా పట్టుకున్నంత మాత్రాన ఏదీ ఊరదు.

ఇంకొక్క మాట. తయారైన దుంపను "ఇంకా పెరుగుతుందిలే" అని నేలలో వదిలేయకండి, లోపల బెండు పడుతుంది. ఒకేసారి పీకితే తినలేము కూడా. అందుకని వారానికి ఒక వరుస చొప్పున విత్తండి. ఎక్కువైతే పక్కింటికి రెండు ఇవ్వండి, పని లేని రోజులు వాళ్లకూ ఉంటాయి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం అరుగు మీద విత్తనాలు ఉంచుతాము. ఇంటికి ఒక చెంచా చాలు. మీ చేతి కష్టాన్ని ప్రభువు దీవించును గాక. ఆమేన్.