దారం వదిలే విద్య

గాలపు కర్రకు బిగించే రీలు అనగానే దారం చుట్టే పనే గుర్తొస్తుంది. పిడి తిప్పితే దారం, దాని వెంట చేప. కానీ రీళ్లను విప్పి, తుడిచి, నూనె వేసి బిగిస్తూ వచ్చినకొద్దీ నాకు తెలిసొచ్చింది: వాటిని చేసినవాళ్ల బుర్రలకు పదును పెట్టింది దారం వదిలే పని. విసిరినప్పుడు ఎలా వదలాలి, చేప లాగినప్పుడు ఎంత వదలాలి? రీళ్లలో ఇన్ని రకాలు ఈ రెండు ప్రశ్నల నుంచే వచ్చాయి.

స్పిన్నింగ్ రీలులో విసిరేటప్పుడు దారం చుట్టి ఉండే స్పూలు కదలదు. ముందున్న తీగ కడ్డీని పైకెత్తితే దారం స్పూలు అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. నాడెలో కండె నిలిచే ఉండి, నూలు దాని కొన మీదుగా జారిరావడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. 1905లో ఇంగ్లండులో ఇలాంటి రీలుకు పేటెంటు తీసుకున్న ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ జౌళి మిల్లుల మనిషే. తేలికైన ఎర కూడా దీంతో దూరం పోతుంది. అయితే ఒక జాగ్రత్త ఉంది. చేప దారం లాక్కుపోతున్నప్పుడు పిడి తిప్పితే దారం లోపలికి రాదు, మెలి మాత్రం పడుతుంది. గేరు 5:1 అయితే పిడి ఒక చుట్టుకు అయిదు మెలికలు. చేప పరుగెత్తేంతసేపూ చెయ్యి ఆపుకోవాలి.

బెయిట్‌కాస్టర్‌లో స్పూలే తిరుగుతుంది. 19వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు ఇలాంటి గేర్ల రీళ్లు చేశాడు. విసిరిన ఎర గాలిలో నెమ్మదిస్తుంది, స్పూలు మాత్రం అదే ఊపులో ఉంటుంది. పోయే దారం కన్నా ఊడే దారం ఎక్కువై చిక్కు పడుతుంది. దాన్ని ఆపేది స్పూలు మీద ఆనించిన బొటనవేలు. కొన్ని రీళ్లలో అయస్కాంతాలు కూడా సాయపడతాయి. అల్యూమినియం స్పూలు వాటి పక్కన తిరిగితే అందులో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి వేగానికి అడ్డుపడతాయి. స్పూలు జోరుకొద్దీ అడ్డూ పెరుగుతుంది. ఏదీ తాకకుండా పనిచేసే ఈ బ్రేకు ముందు నేను ఇప్పటికీ పిల్లాడిలా కూర్చుంటాను.

ఫ్లై రీలు సంగతి వేరు. అక్కడ దారం బరువే ఎరను మోసుకుపోతుంది కాబట్టి విసరడంలో రీలుకు పెద్ద పని లేదు.

ఇక రెండో ప్రశ్న. చేప లాగినప్పుడు దారాన్ని కొలతగా వదిలేది డ్రాగు. ఒకదానిపై ఒకటి పేర్చిన వాషర్లు, వాటిని నొక్కిపట్టే ఒక మర, అంతే. దారం తెగే బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దగ్గర అది జారేలా బిగించాలంటారు. నాలుగు కిలోల దారమైతే స్ప్రింగు కాటాతో లాగి, ఒక కిలో దగ్గర పెట్టుకోవచ్చు. అసలు కిటుకు ఇంకా లోపల ఉంది. దారం పోయేకొద్దీ స్పూలు మీది చుట్ట సన్నబడుతుంది. వాషర్ల పట్టు మారదు, కానీ అదే పట్టును తక్కువ వ్యాసార్ధం మీద తిప్పాలి. చుట్ట సగానికి సన్నబడితే ఒక కిలో డ్రాగు రెండు కిలోలవుతుంది. దానికి తోడు నీళ్లలో పొడుగ్గా సాగిన దారం ఈడ్పు. అందుకే చేప దూరం పోయేకొద్దీ మరను కొంచెం వదులు చెయ్యాలి. దారం అయిపోతుందన్న భయంతో ఆ క్షణంలో చెయ్యి బిగించే వైపే పోతుంది. ఈ లెక్క అర్థమైతే తప్ప ఆ చేతిని ఆపుకోవడం కష్టం.

ఉప్పుటేరులో పండుగప్పకు ఇలా చోటిచ్చి అలుపు తెప్పించవచ్చు. తామరతీగలు అల్లుకున్న చెరువులో కొర్రమీనుకు ఇది చెల్లదు. ఒక్క గజం వదిలితే చాలు, కాడల్లోకి దూరి దారాన్ని చుట్టబెట్టేస్తుంది. అక్కడ లావుపాటి అల్లిక దారం, గట్టి బెయిట్‌కాస్టర్, దాదాపు జారనంతగా బిగించిన డ్రాగు కావాలి. కొత్తగా గాలం పడుతున్న కుర్రాళ్లు ఏ రీలు కొనమంటావన్నా అని అడిగితే, ముందు నీళ్ల గురించే ఆరా తీస్తాను: నాచు ఎంత ఉంది, లోతు ఎంత, చేప పారిపోవడానికి చోటుందా?