శనిగారి దర్శనం

"శని మొహం చూడటానికి క్యూలో నిలబడమంటావుటే!" అంది అమ్మ.

2025 నవంబరులో యూనివర్సిటీ పిల్లలు మా కాలనీ పార్కులో టెలిస్కోపులు పెట్టి, అందరినీ రమ్మని పిలిచారు. నాదా, బి.ఏ. చదువు. నవ్వకండి, నాకు తెలిసిన చుక్కలన్నీ ముగ్గులోవే. "మామ్మగారూ, ఆయన మిమ్మల్ని చూడడు, మీరే ఆయన్ని చూస్తారు" అని అమ్మని ఒప్పించాడో కుర్రాడు. ఆ ఏడు వలయాలు మనకేసి అంచు తిప్పాయిట. పూసలో గుచ్చిన సూదిలా కనిపించాయి. ఆ వెలుగు అక్కణ్ణించి బయల్దేరి గంట దాటిందన్నాడు.

"అంటే నేను పప్పు కుక్కర్లో పెట్టినప్పటిదన్నమాట" అంటూనే అమ్మ కన్ను తియ్యలేదు.

తిరిగొస్తూ దారిలో చెప్పింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో ఉస్మానియా వాళ్లు దాన్ని చూడటానికి సిద్ధమవుతుంటే, ఆ దగ్గరి పల్లెలోనే, నన్ను మోస్తున్న అమ్మని చీకటి గదిలో పడుకోబెట్టారు. కదిలితే బిడ్డకి గ్రహణం మొర్రి! (మొర్రికీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదని ఇప్పటికీ ఎన్ని ఇళ్లలో చెప్పగలం?)

"కిటికీ సందులోంచి చూశానే. పట్టపగలు చుక్క కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. నువ్వు పుట్టేదాకా నాకు కంటిమీద కునుకు లేదు. మంత్రసాని చేతికివ్వగానే ముందు నీ పెదాలే తడిమాను."

నలభై అయిదేళ్లు దాచుకుందా! నాకేం మాట్లాడాలో తోచలేదు. అమ్మ మా గేటు దగ్గర ఆగి, "ఆ కుర్రాడు ఇంకా ఉంటాడంటావా?" అంది.

తాళం తియ్యకుండానే వెనక్కి తిరిగాం.