అట్టడుగు నుంచి ఆట

బాస్కెట్‌బాల్ జీఎం అనే ఉచిత బ్రౌజర్ గేమ్‌లో బంతి ఎవరి చేతికీ రాదు. ఆడేవారు మేనేజర్లు. జీతాల పరిమితి, ట్రేడ్లు, డ్రాఫ్ట్... ఇవే వారి ఆయుధాలు. ఓడే జట్టును కావాలనే ఎంచుకునే వాళ్లు అక్కడ చాలామంది. వయసు మీదపడిన స్టార్‌ను ముందు వదులుకుని, రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ పిక్స్, అంటే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులు, కూడబెడతారు.

నిజమైన బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఈ దారిలో ఓక్లహోమా సిటీ థండర్ జట్టు అద్భుతంగా నడిచింది. 2019లో స్టార్ ఆటగాడు పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్ జట్టుకు ఇచ్చి, షే గిల్జస్-అలెగ్జాండర్‌తో పాటు ఐదు మొదటి రౌండ్ పిక్స్ తెచ్చుకుంది. 2020-21లో 72 మ్యాచుల్లో గెలిచినవి 22. తర్వాతి సీజన్‌లో 82కి 24. అంత చీకట్లోనూ తొందరపడలేదు, అదే గొప్ప. క్లిప్పర్స్ నుంచి దక్కిన పిక్‌తోనే 2022లో పన్నెండో స్థానంలో జేలెన్ విలియమ్స్‌ను తీసుకుంది. 2024-25లో 68 విజయాలు, ఆపై టైటిల్.

అందరికీ ఇలా కలిసిరాదు. 2015-16లో పదే మ్యాచులు గెలిచిన ఫిలడెల్ఫియా, ఏళ్ల తరబడి ఓడి జోయెల్ ఎంబీడ్ లాంటి ఆటగాణ్ని సంపాదించినా, ఆ తరంతో ఫైనల్స్ గడప తొక్కలేదు.

గేమ్‌లోనూ అంతే. కుర్రాడి ఎదుగుదల కొంత అదృష్టం. ఈలోగా యజమాని సహనం నశిస్తే మేనేజర్ ఉద్యోగమే పోతుంది.