కనుమకు ముందు దారి

హత్నూరలో మాది చదును నేల. పొలాల నడుమ, కర్మాగారాల లారీల పక్కన సైకిలు తొక్కిన మేము లద్దాఖ్‌లోని 5,359 మీటర్ల ఖార్దుంగ్‌లా కనుమ ఎక్కాలని సంకల్పించాము. ముందుగా లేహ్ చేరే మార్గాన్ని నిర్ణయించుకోవలసి వచ్చింది.

మాలోని యువకులు మనాలీ మార్గాన్ని కోరారు. అది సుమారు 5,000 మీటర్ల కనుమలను వరుసగా దాటిస్తుంది. సర్చూ, పాంగ్‌లలో రాత్రి బస సైతం 4,000 మీటర్లకు పైనే. శ్రీనగర్ మార్గంలో జోజిలా 3,528 మీటర్లు, అన్నిటికన్నా ఎత్తైన ఫోతూలా 4,108 మీటర్లు. ద్రాస్, కార్గిల్ పట్టణాలలో బసకు, నమాజుకు సౌకర్యముంది.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, శ్వాసలో ప్రాణవాయువు తక్కువగా అందుతుంది. దానికి శరీరం అలవాటుపడాలంటే రోజులు పడుతుంది. కండబలం ఆ గడువును తగ్గించలేదు. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి సాగరాదు. ముదిరితే వెంటనే కిందికి దిగాలి.

అందుకే శ్రీనగర్ మార్గాన్నే ఎంచుకున్నాము. లేహ్‌లో కొన్ని రోజులు విశ్రమించిన తరువాతే, అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కనుమకు బయలుదేరుతాము. ప్రాణం మన వద్దనున్న అమానతు. మాలో ఒక్కరు అస్వస్థులైనా అందరమూ వెనుదిరుగుతామని మాట ఇచ్చాకనే ఇంటివారు అనుమతించారు.