పేషెంటు తాలూకు ఎవరండీ?

ఐసీయూ తలుపు సగం తెరిచి సిస్టర్ ఈ కేక వేయగానే, వరండాలో బల్లల మీద కునికిపాట్లు పడుతున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడతారు. ఏ పేషెంటో ఆమె ఇంకా చెప్పలేదు. ఆ రెండు క్షణాలూ అందరి మొహాలూ ఒకేలా ఉంటాయి. తర్వాత ఒకరు ముందుకి వెళ్తారు, మిగతావాళ్లు మళ్లీ కూలబడతారు.

కాకినాడలో పాతికేళ్లుగా కడుపు ఆపరేషన్లు చేస్తున్న ఒక సర్జన్‌కి మొదట్లో ఈ ‘తాలూకు’లంటే విసుగు. రౌండ్సుకి అడ్డం పడతారు, అడిగిందే అడుగుతారు. ఇప్పుడు ఆయన కేస్‌షీటు తిరగేసే ముందు, మంచం పక్కన స్టూలు మీద ఎవరు కూర్చున్నారో చూస్తాడు. ఆయన మనసు మార్చినవాళ్లలో ఒక రిటైర్డు మాస్టారి భార్య ఉంది.

మాస్టారికి 68 ఏళ్లు. పెద్దపేగులో క్యాన్సర్. గడ్డ ఉన్న భాగం తీసి, పేగు మళ్లీ కలిపి కుట్టడానికి నాలుగు గంటలు పట్టింది. ఆపరేషన్ శుభ్రంగా జరిగింది. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు అర్ధరాత్రి ఆయన మంచం మీద లేచి కూర్చుని, ఎదుటి మంచాలవాళ్లని తొమ్మిదో తరగతి పిల్లలనుకుని హాజరు వేయడం మొదలుపెట్టారు. పలకనివాళ్లని నిలబడమన్నారు. ముక్కులోని గొట్టం లాగేసుకున్నారు. డ్యూటీలో ఉన్నవాళ్లు చేతులు మంచానికి కట్టేశారు. దాంతో కేకలు ఇంకా పెరిగాయి.

తెలుగులో దీనికి సంధి అని పాత మాట ఉంది. డాక్టర్లు డెలీరియం అంటారు. పెద్ద ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో, మొదటి మూడు నాలుగు రోజుల్లో వస్తుంది. పిచ్చి కాదు, దిష్టీ కాదు. నొప్పి, నిద్రలేమి, మందులు, పగలూ రాత్రీ తేడా తెలియని ట్యూబులైట్లు అన్నీ కలిసి మెదడుని దారి తప్పిస్తాయి.

ఆ తెల్లవారుజామునే డల్లాస్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు. క్రియాటినిన్ ఎంత, సోడియం ఎంత, సీటీ స్కాన్ తీయించారా? మంచి ప్రశ్నలే. సర్జన్ అన్నిటికీ జవాబు చెప్పి, తనూ ఒకటి అడిగాడు: ‘‘మీ నాన్నగారికి చెవులు బాగా వినిపిస్తాయా?’’ అవతల కాసేపు నిశ్శబ్దం. ‘‘మిషన్ ఉంది సార్. పోయిన సంక్రాంతికి నేనే కొనిచ్చాను.’’

ఆ మిషన్ వరండాలో ఉంది. థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు కళ్లజోడు, చెవి మిషన్, ఉంగరం తీసి సిస్టర్ మాస్టారి భార్య చేతిలో పెట్టింది. తర్వాత ఎవరూ అడగలేదు, ఆవిడా ఇవ్వచ్చో లేదో తెలియక ఊరుకుంది. మూడు రోజులుగా జేబురుమాలులో మూటకట్టి, బ్యాగు అడుగున, బిస్కెట్ ప్యాకెట్టు కింద భద్రంగా దాచింది. చూపు ఆనక, మాట వినపడక, ఎవరో వచ్చి సూదులు గుచ్చి పోతుంటే మాస్టారు తనకి తెలిసిన బడిలోకి పారిపోయారు.

కళ్లజోడు పెట్టుకోగానే నయమైపోయిందని రాస్తే కథ బాగుంటుంది. అలా జరగలేదు. కట్లు విప్పారు. పగలు కిటికీ తెర తీశారు, రాత్రి లైట్లు తగ్గించారు. ఆవిడ గంటగంటకీ ఇవాళ ఏ వారమో, తామెక్కడున్నారో చెబుతూ కూర్చుంది. పూర్తిగా తేరుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. అమెరికాలో షారన్ ఇనోయే బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలోనూ చేసింది దాదాపు ఇదే: ఆసుపత్రిలో చేరిన వృద్ధులకి కళ్లజోళ్లూ చెవి మిషన్లూ అందించడం, నిద్ర చెడకుండా చూడటం, నడిపించడం, మాట్లాడించడం. సంధి వచ్చినవాళ్లు నూటికి 15 నుంచి 10 లోపుకి తగ్గారు.

నడిపించడం ఇంకో యుద్ధం. ‘‘పొట్ట కోసిన మనిషిని నడిపిస్తారా!’’ అని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటారు. కుట్లు ఊడిపోతాయని భయం. ఈ విషయం డాక్టర్లకి మాత్రం తొందరగా ఎక్కిందా? షికాగోలో ఎమిల్ రీస్ పొట్ట ఆపరేషనైనవాళ్లని తొందరగా లేపి నడిపించవచ్చని 1899లోనే రాశాడు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ తొందరగా లేపడం, తొందరగా తినిపించడం ఒక పద్ధతిగా పెట్టి చూపించేసరికి 1990లు వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం దిగకుండా ఉంచితేనే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిందని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. ఇక ఆపరేషనైనవాళ్ల సంగతి చెప్పాలా?

ఊపిరితిత్తుల వ్యాయామానికిచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ది వేరే తమాషా. పీల్చమని ఇస్తే చాలామంది బూర ఊదినట్టు ఊదుతారు. బంతులు కదలవు. మనవడొచ్చి పీల్చి మూడూ లేపి చూపిస్తే, తాతకి రోషం వచ్చి అప్పుడు పీలుస్తాడు.

అన్నిటికన్నా గట్టి గోడ పత్యం. పేగుకి చిల్లుపడి ఆపరేషనైన ఒక కోడలు ఇంటికెళ్లిన రెండు వారాలకి, గాయం ఒక కొస విచ్చుకుని తిరిగొచ్చింది. ఏం పెడుతున్నారని అడిగితే అత్తగారు గర్వంగా చెప్పింది: బ్రెడ్డు, పాలు, చారన్నం. పప్పు తింటే చీము పడుతుందట. పప్పుకీ చీముకీ రంగు పోలిక తప్ప ఏ చుట్టరికమూ లేదు. గాయం మానడానికి కిలో బరువుకి రోజుకి గ్రామున్నర దాకా మాంసకృత్తులు కావాలి. యాభై కిలోల మనిషికి చారన్నంలో అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? ఒకప్పుడైతే సర్జన్ కేకలేసేవాడు. ఈసారి మందుల చీటీ తీసి, మాత్రల పేర్ల కింద అదే చేతిరాతతో రాశాడు: ‘పెసరపప్పు, రెండు పూటలా. ఉడికించిన గుడ్లు, రోజుకి రెండు. పదిహేను రోజులు.’ చీటీలో ఉంది కాబట్టి అది మందే. ఆవిడ ఒక్క పూట కూడా తప్పలేదు.

మాస్టారు ఆరో రోజుకి వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నారు. పక్కన భార్య, ఆవిడ చేతిలో డ్రెయిన్ బ్యాగు. ‘‘గ్యాస్ పోయిందా మాస్టారూ?’’ అని సర్జన్ అందరి ముందూ అడిగితే, జీవితమంతా మర్యాదగా బతికిన ఆయన సిగ్గుపడుతూనే తలూపారు. పేగు మేలుకుందన్నమాట. ఆ పూటే మెత్తటి అన్నం మొదలైంది.

ఆ సాయంత్రం ఆవిడ నీళ్ల కుళాయి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. షుగరు మాత్రలు టంచనుగా వేసుకుంటోంది కానీ, భోజనం మాత్రం ఆయన పనులన్నీ అయ్యాకే, వీలైతేనే. చెమటలు, చేతుల వణుకు. షుగరు బాగా పడిపోయింది. క్యాజువాలిటీలో గ్లూకోజు ఎక్కించి పడుకోబెట్టారు. గంట తర్వాత సిస్టర్ తలుపు తెరిచి అలవాటుగా కేక వేసింది.

‘‘పేషెంటు తాలూకు ఎవరండీ?’’

కళ్లజోడు సర్దుకుంటూ, తన డ్రెయిన్ బ్యాగు తనే పట్టుకుని, గళ్ల లుంగీలో మాస్టారు బల్ల మీంచి మెల్లగా లేచారు.

‘‘నేనేనండీ.’’