అటక మీది ట్రంకు పెట్టె

ముక్కనుమ వెళ్ళి వారమైనా మా హాల్లో కొలువు మెట్లు అలాగే ఉన్నాయి. "టీవీ కనబడట్లేదు, ఎప్పుడు తీస్తావ్?" అని మా ఆయన రెండుసార్లు అడిగారు. బొమ్మలు పెట్టేటప్పుడు ఇంటిల్లిపాదీ వస్తారు. తీసి సర్దేటప్పుడు మాత్రం నేనొక్కదాన్నే.

మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఈ పని నాదాకా రాలేదు. ఆవిడే కింద కూర్చుని ఒక్కో కొండపల్లి బొమ్మనీ పొడిగుడ్డతో తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి పెట్టెలో పేర్చేవారు. బరువైన మట్టిబొమ్మలు అడుగున, తేలికపాటి చెక్కబొమ్మలు పైన, మధ్యమధ్య ఎండు వేపాకు. నేను సాయం వెళితే "నువ్వు కాఫీ పెట్టమ్మా, ఇది నేను చూసుకుంటా" అనేవారు. కాపురానికొచ్చిన మొదటి ఏడే అంబారీ ఏనుగు మీది రాజుగారి చెయ్యి విరక్కొట్టాను, ఆ భయం ఆవిడది!

మామగారు పోయిన ఏడు మాకు పండగ లేదు. అయినా ఆవిడ పెట్టె దింపించి, బొమ్మలన్నీ విప్పి, వరండాలో నీడపట్టున గాలికి పెట్టి, మళ్ళీ చుట్టేశారు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని నాకు లోపల్లోపల సిగ్గేసింది. పండగే లేనప్పుడు ఈ హడావుడెందుకు అనుకున్నాను.

ముందటేడు ఆవిడా వెళ్ళిపోయారు. కిందటి సంక్రాంతికి సంవత్సరీకం కాలేదు కనుక పండగ చెయ్యలేదు. పెట్టె జోలికే పోలేదు. ఈ ఏడు భోగికి ముందురోజు మూత తీద్దును కదా, గుడ్డల మీద సన్నటి పొడి. మత్స్యావతారాన్ని చేతిలోకి తీసుకుంటే తోక పెట్టెలోనే ఉండిపోయింది. పొణికి చెక్క మెత్తన, పురుగుకి ఇట్టే లోకువ. పైగా మా అటక బాత్రూము గోడని ఆనుకుని ఉంది, వానాకాలమంతా చెమ్మే.

దశావతారాల్లో ఆరే మిగిలాయి. పేరంటానికొచ్చిన ఒకావిడ లెక్కపెట్టి "మిగతావేవీ?" అంది. "ఇంకా అవతరించలేదండీ" అన్నాను. అందరూ నవ్వారు. నేను పసుపుకుంకాల పళ్ళెం వంకతో వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

నిన్న మొత్తం సర్దేశాను. దీపావళి ప్రమిదలు, ప్లాస్టిక్ తోరణాలు ఏ సంచిలో పడేసినా ఉంటాయి, వాటితో పేచీ లేదు. బొమ్మలకే ఓపిక కావాలి. న్యూస్‌పేపర్ చుడితే అచ్చు రంగుకి అంటుకుంటుంది. మా అమ్మాయి ఫోన్లో "మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలు కొనమ్మా" అంది. తడి ఏమాత్రం ఉన్నా దాన్నీ లోపలే బిగించేస్తాయవి. నాకు ట్రంకు పెట్టే నయం.

పురుగు పట్టిన గుడ్డలు పారేశాక చుట్టడానికి చాల్లేదు. బీరువాలో అత్తగారి తెల్ల వాయిల్ చీర ఒకటుంది. చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని, ఆఖరికి కత్తెర వేశాను. విరిగిన నాలుగు అవతారాల్నీ వేరే మూట కట్టి ఇంకో గదిలో పెట్టాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఆషాఢంలో ఒకసారి, దసరా ముందు ఒకసారి పెట్టె తెరవాలని క్యాలెండర్ మీద రాసుకున్నాను. ఇక అటక ఎక్కించలేదు, మంచం కిందే పెట్టించాను. ఊడ్చినప్పుడల్లా చీపురు తగులుతోంది.