సొగసు పెరిగినది, ఆట తరిగినది

వంటకమునకు రూపము కావలసినదే. కాని పరమాన్నముపై ఎంత కుంకుమపువ్వు చల్లినను, లోపల బెల్లము వేయుట మరచినచో మొదటి ముద్దతోనే గుట్టు బయటపడును. ఈ సంగతి గృహిణులకు మేము చెప్పవలసిన పని లేదు. అయితే మేమిప్పుడు వ్రాయదలచినది వంటను గూర్చి గాదు. మన యిండ్లలో పిల్లలును పెద్దలును కంప్యూటరుపై ఆడుచున్న వీడియో గేములను గూర్చి. ఒక ఆట జనులకు నచ్చును. కొన్ని యేండ్లకు దాని రెండవ భాగము వెలువడును. అందు బొమ్మలు మునుపటికంటె పదిరెట్లు సొగసుగా నుండును. ఆట మాత్రము మునుపటికంటె పలుచబడి యుండును. ఇట్లేల జరుగుచున్నదో, ఇందువలన మనకు కలుగు నష్టమేమో సోదరీమణులతో ముచ్చటింపవలెనని మా కోరిక.

"ఆటలు పిల్లవాండ్ర గొడవ, అవి మనకేల?" అని కొందరనవచ్చును. మన అమ్మమ్మలు అట్లనలేదు. మధ్యాహ్నపు భోజనములైన పిదప గచ్చుమీద సుద్దముక్కతో గళ్ళు గీచి అష్టాచెమ్మ ఆడిరి. చింతపిక్కలతో వామనగుంటలు ఆడిరి. గుడి మంటపములలో బండలపై చెక్కిన పులిజూదపు గీతలు నేటికిని కనబడును. ఆ గీతలు వంకరగా నున్నవని ఎవరును ఆట మానలేదు. వెండిపీటపై గీచినను, మట్టినేలపై గీచినను పులి పులియే, మేక మేకయే. ఆటకు ప్రాణము దాని నియమములలో నున్నది. ఈ యెత్తు వేసిన ఏమగునో యని ఆలోచించు ఆ క్షణములో నున్నది. ఈ కొలతతోనే క్రొత్త ఆటలను కూడ చూడవలెనని మా అభిప్రాయము.

మేము తోడికోడండ్రము ఇద్దరము. వంటయిల్లు సర్ది, పిల్లలు నిద్రించిన పిదప, రాత్రి ఒక గంటసేపు మా యింటి కంప్యూటరు మా వశమగును. ఆ గంటలో మేమొక పట్టణమును పాలింతుము. మాలో నొకరు మౌసు పట్టుదురు, ఒకరు ఖాతాపుస్తకము పట్టుదురు. పన్ను ఎంత వేయవలెను, చెత్త ఎచట పోయింపవలెను, బడి ముందా ఆసుపత్రి ముందా అని వాదించుకొందుము. ఇది ఇంటి యజమాన్యమునకు దూరపు చుట్టమువంటి ఆట. కావుననే మాకు నచ్చినది. కావుననే దీని వంశచరిత్రము కొంత చెప్పుట మాకు సులభము.

ఈ పట్టణపు ఆటలకు మూలపురుషుడు విల్ రైట్ అను అమెరికా దేశస్థుడు. ఆయన 1984లో హెలికాప్టరుతో దీవులపై బాంబులు వేయు ఆట యొకటి తయారుచేసెను. ఆ దీవులను కూలగొట్టుటకంటె వాని పటములు గీచి రోడ్లు వేయుటయే తనకు వేడుకగా నున్నదని గ్రహించి, 1989లో 'సిమ్‌సిటీ' అను ఆటను లోకమున కిచ్చెను. దానిలో గెలుపు లేదు, ఓటమి లేదు, ఊరు మాత్రమున్నది. బొమ్మలు పైనుండి చూచిన చిన్న చిన్న గళ్ళు. అయినను జనులు రాత్రులు మేలుకొని ఆడిరి. 1993లో వచ్చిన 'సిమ్‌సిటీ 2000'లో భూమి క్రింద నీటిగొట్టములు వచ్చినవి. 1999 నాటి 'సిమ్‌సిటీ 3000'లో చెత్త సమస్య వచ్చినది. దీనిని మొదట మూడు కొలతల బొమ్మలతో చేయదలచి 1997లో ఒక ప్రదర్శనలో చూపిరి. అది పొసగకపోగా ఆ పద్ధతిని విడిచి, పాత పద్ధతి బొమ్మలతోనే ఆటను పూర్తిచేసిరి. 2003లో వచ్చిన 'సిమ్‌సిటీ 4'లో అనేక పట్టణములు కలిసి ఒక ప్రాంతమైనవి. ఇట్లు భాగము భాగమునకు బొమ్మ తోడ ఆలోచనయు పెరుగుచు వచ్చినది.

2013 మార్చిలో అదే 'సిమ్‌సిటీ' పేరుతో మరల నొక ఆట వెలువడెను. దాని అందమును మెచ్చుకొనక తప్పదు. మేడలు అద్దాల బీరువాలోని బొమ్మలవలె మెరయును. వీధిలో నడచు ప్రతి మనిషిని దగ్గరకు వచ్చి చూడవచ్చును. కాని ఊరు కట్టుటకిచ్చిన నేల పొడవున రెండు కిలోమీటరులు, వెడల్పున రెండు కిలోమీటరులు మాత్రమే. పదేండ్ల క్రిందటి నాలుగవ భాగములో పెద్ద ఊరు నాలుగేసి కిలోమీటరు లుండెను. అనగా చిత్రము పెరిగి, నేల నాలుగవ వంతైనది. ఒంటరిగా ఆడుకొనువారికిని ఇంటర్నెట్టు లేనిదే ఆట తెరచుకొనదు. వెలువడిన వారములో వచ్చిపడిన జనమును సర్వరులు భరింపలేక, సొమ్ము చెల్లించినవారు వాకిట నిలువవలసి వచ్చెను. ఇంటర్నెట్టు లేక ఆడు వీలు మరుసటి యేడు మార్చిలో గాని కలుగలేదు.

ఇంతకంటె విచిత్రమైన సంగతి మరియొకటి కలదు. ఆ ఊరి జనులకు స్థిరమైన ఇల్లు లేదు, స్థిరమైన ఉద్యోగము లేదు. ఉదయమున ఒక యింటినుండి బయలుదేరిన మనిషి దగ్గరలో దొరకిన పనిలో చేరును. సాయంకాలము ఖాళీగా కనబడిన యేదో యొక యింట దూరును. ఆ యిల్లు ఉదయము విడిచిన యిల్లే కానక్కరలేదు! తెరపై కనబడు జనసంఖ్య కూడ నిజముగా తిరుగుచున్న మనుష్యుల లెక్కకు మించి చూపబడినదని ఆటగాండ్రు కనిపెట్టిరి. ఇట్టి సంసారములకు గోడలకెంత రంగు వేసిననేమి? పైన పటారము, లోన లొటారము అను సామెత దీనికి చక్కగా అతుకును.

రెండేండ్లకు, 2015 మార్చిలో, ఫిన్లాండు దేశమందలి టాంపెరె పట్టణమునుండి 'సిటీస్: స్కైలైన్స్' అను ఆట వచ్చెను. చేసినది కొలోసల్ ఆర్డర్ అను చిన్న సంస్థ; అప్పుడందు పనిచేయువారు సుమారు 13 మంది. దానికి అధిపతి మరీనా హల్లికైనెన్ అను మహిళ యని చెప్పుటకు మాకు సంతోషముగా నున్నది. ఈ యాటలో బొమ్మలు అంత ముద్దైనవి కావు. కాని నేల సుమారు 36 చదరపు కిలోమీటరులు. ప్రతి మనిషికిని తన యిల్లు, తన పని, తన బడి కలవు. మురికికాలువకు దిగువను నీటి పంపు పెట్టినచో ఊరంతయు జబ్బుపడును. ఒక కూడలిలో బండ్లు ఇరుకుకొన్నచో చెత్తబండి ఆలస్యమగును, అగ్నిమాపకపు బండి ఆలస్యమగును, ఇల్లు కాలిపోవును. ఒక తప్పునకు మరియొకటి గొలుసువలె తగులుకొని వచ్చును. మొదటి నెలలోనే పది లక్షల ప్రతులు చెల్లినవన్నచో ఆశ్చర్యము లేదు.

మంచి గృహిణి యింటనైనను ఒకనాడు పులుసు విరిగినట్లు, ఆ సంస్థకే 2023 అక్టోబరులో రెండవ భాగముతో చిక్కు వచ్చినది. ఆట నడక తామనుకొన్నంత వేగముగా లేదని విడుదలకు ముందే వారే ప్రకటించిరి. కారణములను వెదకినవారికి వింత యొకటి కనబడెను. ఊరిలో చీమలవలె తిరుగు మనుష్యులలో ప్రతివానికిని నోటిలోపల పలువరుస చెక్కబడి యున్నది! మేడలకంటె ఎత్తునుండి చూచువారికి ఆ మనిషియే చుక్కవలె కనబడును. వాని దంతముల నెవరు చూతురు? ఇట్టి ఆటలలో దూరపు వస్తువును తక్కువ గీతలతో, దగ్గర వస్తువును ఎక్కువ గీతలతో చూపుట ఆచారము. సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్టు మీది బొమ్మకు కనురెప్పల వెండ్రుకలు దిద్దుట కెవరును కూర్చుండరు గదా. ఇచట అనేక వస్తువులకు ఆ యేర్పాటు జరుగలేదు. కంప్యూటరు కనబడని పండ్లను గీచుచు గీచుచు అలసిపోయెను.

అంతకంటె పెద్దలోపము ఖాతాలో నున్నది. ఊరి ఆదాయము చాలకపోయినచో ప్రభుత్వ సహాయమను పేరుతో సొమ్ము తనంతట వచ్చి లోటు చాలవరకు పూడ్చును. ఎంత దుబారా చేసినను ఊరు దివాలా తీయుట అరుదు. నెలనెలా పుట్టింటివారు లోటు పూడ్చుచున్న సంసారములో పొదుపు నేర్చుకొనవలసిన అవసరమేమున్నది? పన్నులు చూడవలసిన ఆటలో పండ్లు చూచిరని మేము నవ్వుకొంటిమి. న్యాయముగా చెప్పవలెనన్న, రోడ్లు వేయు పనిముట్లు ఇందు మొదటిదానికంటె మెరుగు. నేలయు మిక్కిలి విశాలము. ఆ సహాయమును 2024 జూనులో తొలగించి ఖాతాను తిరిగి సరిచేసిరి. ఆ లోపల 2024 మార్చిలో సముద్రతీరపు ఇండ్లు కొన్నింటిని వేరుగా వెలకట్టి అమ్మగా జనులు ఆగ్రహించిరి. మరుసటి నెలలో సంస్థవారు క్షమాపణ చెప్పి, ఆ సొమ్ము తిరిగి యిచ్చుటకు ఒప్పుకొని, ఆ భాగమును ఉచితము చేసిరి. తప్పు ఒప్పుకొనుట గౌరవమే. కాని ముందుగా కొన్నవారి సాయంకాలములు తిరిగి రావు.

ఈ రెండవ భాగము వెలువడిన దినములలో మా పెద్దబాబు, పదునాలుగేండ్లవాడు, అది కావలెనని పట్టుపట్టెను. మా కంప్యూటరు దానిని మోయదనియు, క్రొత్త గ్రాఫిక్సు కార్డు వేయవలెననియు దుకాణదారు చెప్పెను. ఆ యొక్క కార్డు వెల మా ఫ్రిజ్జు వెలను మించియున్నది. కాదనుటకు ముందు వానిని ఒక్క ప్రశ్న అడిగితిమి: "దానిలో నీవు చేయు పని, పాతదానిలో చేయలేనిది, ఏది?" వాడు వారము దినములు ఇతరులు ఆడిన వీడియోలు చూచెను. పిదప తానై వచ్చి, "పిన్నీ, అందులో ఊరు పాడు కాదు. పాడు కాని ఊరిని బాగుచేయుట ఏమున్నది?" అనెను. ఆ మాట విని మేమిద్దరము ఒకరి ముఖము నొకరు చూచుకొంటిమి. ఆ సొమ్ములో కొంత సైకిలైనది.

అందమే కూడదని మా వాదము గాదు. 'ది సిమ్స్' అను సంసారపు ఆట కథ చూడుడు. 2000లో వచ్చిన మొదటి భాగములో పెద్దలకు వయసు రాదు, పిల్లలు పెరిగి పెద్దవారు గారు. 2004 నాటి రెండవ భాగములో బొమ్మలు ఎంతో మెరుగుపడెను. వానితోడనే మనుష్యులు పుట్టి, పెరిగి, ముసలివారగుటయు, బిడ్డకు తల్లిదండ్రుల పోలికలు వచ్చుటయు కలిగెను. తల్లి కన్ను బిడ్డలో కనబడవలెనన్న ముఖము చక్కగా చిత్రింపబడి తీరవలెను. అచట అందము ఆటకు దాసి. 2014 నాటి నాలుగవ భాగములో ముఖములు మరింత సొంపారెను. కాని చంటిబిడ్డ ఒక్కసారిగా బడిపిల్ల యగును! తప్పటడుగులును, ముద్దుమాటలును లేని బాల్యమది. ఆ వయసు పిల్లలు ఆటలోనికి వచ్చుటకు 2017 జనవరి దాక వేచియుండవలసి వచ్చెను. తల్లులమైన మనకు ఇందలి లోపమును ఎవరు వివరింపవలెను?

ఇట్లేల జరుగుచున్నదన్నచో, కారణము గూఢమైనది కాదు. బొమ్మ అందము రెండు నిమిషముల ప్రకటనలో కనబడును. ఆట బాగోగులు పది రాత్రులు ఆడిన పిదప గాని తెలియవు. సొమ్ము మాత్రము మొదటి దినముననే చెల్లింతుము. అమ్మువాడు కనబడుదానికే మెరుగు పెట్టును. పైగా చిత్రములు సొగసైన కొలది వానిని గీయువారు అధికులు కావలెను, ఖర్చు పెరుగును. ఖర్చు పెరిగిన కొలది క్రొత్త నియమమును ప్రయత్నించు ధైర్యము తరుగును.

కావున సోదరీమణులకు మా మనవి యిది. విడుదలయైన దినముననే యే ఆటయు కొనవలదు. కొన్ని నెలలాగినచో లోపములు సవరింపబడును, వెలయు తగ్గును. ప్రకటన చూడక, ఎవరైన నిజముగా ఆడుచుండగా అరగంట చూడుడు. ఆట అడిగిన కంప్యూటరు మీ యింట నున్నదా యని ముందే విచారింపుడు. పిల్లవానిని "ఎట్లున్నది?" అని గాక, "అందు నీవేమి నిర్ణయింతువు? తప్పు నిర్ణయించిన ఏమగును?" అని అడుగుడు. జవాబు చెప్పగలిగినచో ఆ ఆట వానికి కొంత నేర్పునన్నమాట. చెప్పలేక చిత్రమునే పొగడినచో, ఆ చిత్రము చూచుటకు సొమ్ము పోయ నక్కరలేదు. పెండ్లిచూపులనాడు పట్టుచీరయు నగలును కనబడును. సంసారము నడుపునది గుణము. మన బిడ్డల తీరిక వేళలను ఆక్రమించు ఆటలకు కూడ ఆ గుణపరీక్షయే చేయుదుము గాక.